కింద పడిన చుక్క ఏ దారిన వచ్చింది? పాత టూస్ట్రోక్ బండ్ల ఆయిల్ లీకులపై ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. బండి బాగానే నడుస్తోంది, కానీ రాత్రి నిలబెట్టిన చోట తెల్లారేసరికి మరక. సీళ్లు (ఆయిల్ బయటికి రాకుండా షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు రింగులు) మార్పించారు, ప్యాకింగులు (జాయింట్ల మధ్య పెట్టే పొరలు) వేయించారు, మరక మాత్రం పోలేదు. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికీ పనికొచ్చేదే కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న (తెనాలి నుంచి): నాది 1992 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. రాత్రి సైడ్ స్టాండ్ వేసి పెడితే పొద్దునకు ఇంజన్ కింద రూపాయి బిళ్లంత మరక ఉంటోంది. మెకానిక్ కిక్ సీలు, గేర్ రాడ్ సీలు, క్లచ్ కవర్ ప్యాకింగు మార్చాడు. రెండు వారాలు ఆగి మళ్లీ మొదలైంది. ఇంజన్ మొత్తం విప్పి సీళ్లన్నీ మార్చేద్దాం అంటున్నాడు. విప్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఏ ఆయిల్ కారుతోందో, ఎంత కారుతోందో, ఎక్కడ మొదలవుతోందో తెలియకుండా ఇంజన్ విప్పితే డబ్బు పోతుంది, లీకు ఉంటుంది. పైగా ఒకసారి కేసు విప్పిన ఇంజన్‌లో కొత్త లీకులు పుట్టే అవకాశం ఎక్కువ.

ముందు ఏ ఆయిలో తేల్చుకోండి. మీ బండిలో రెండు రకాలున్నాయి. ఆటోల్యూబ్ పంపు ద్వారా ఇంజన్‌లోకి పోయి పెట్రోలుతో పాటు కాలిపోయే టూటీ ఆయిల్ ఒకటి, గేర్లూ క్లచ్చూ మునిగి ఉండే గేర్ ఆయిల్ ఇంకొకటి. బండి కింద తెల్ల కాగితం పరిచి, పొద్దున్నే ఆ చుక్కను చూడండి. టూటీ ఆయిల్‌కి కంపెనీ రంగు కలుపుతుంది. మీరు వాడేది నీలమైతే చుక్క నీలంగా, ఆకుపచ్చయితే ఆకుపచ్చగా ఉంటుంది. గేర్ ఆయిల్ కొత్తగా పోసినప్పుడు తేనె రంగు, వాడేకొద్దీ నల్లబడుతుంది, క్లచ్ ప్లేట్ల అరుగుదల కలిసి వేళ్ల మధ్య రాస్తే బూడిద రంగు తేలుతుంది. చుక్క చిక్కగా, నల్లగా, ఇసుక తగులుతూ ఉంటే అది చైన్ మీద కొట్టిన గ్రీజు కరిగి జారింది. చైన్ గ్రీజు కోసం ఇంజన్ సీళ్లు మార్పించుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నాం.

తర్వాత ఇంజన్‌ని కడగాలి. పైపైన గుడ్డతో తుడిస్తే చాలదు. ఎడమ కవర్ విప్పి, ఫ్రంట్ స్ప్రాకెట్ (చైన్‌ని తిప్పే ముందు పళ్ల చక్రం) చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి జిడ్డును పుల్లతో గోకి, కిరోసిన్ లేదా డీజిల్‌తో బ్రష్ చేసి, పొడి గుడ్డతో తుడిచి, ఒక పూట ఆరనివ్వండి. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) కాయిల్ మీద కిరోసిన్ పడకుండా చూసుకోండి. ఆరాక అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడరో, మెత్తటి సుద్దపొడో చల్లండి. ఒక కిలోమీటరు నడిపి చూడండి, ఐదు కిలోమీటర్లు నడిపి చూడండి, తర్వాత రాత్రంతా వదిలి చూడండి. పొడి మీద మొట్టమొదట తడి చార ఎక్కడ పడిందో అదే మూలం. బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ని వెనక్కి నెడుతుంది, ఆగినప్పుడు అది కిందికి జారుతుంది. అందువల్ల చుక్క పడే చోటికి పైనా ముందూ ఎక్కడో లీకు ఉంటుంది. చాలా తప్పుడు రిపేర్లు చుక్క పడే చోటే లీకు అనుకోవడం వల్ల జరిగేవే.

ఇంకో పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఒక రాత్రి సైడ్ స్టాండ్ మీద, ఇంకో రాత్రి మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టండి. సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకి వాలుతుంది, గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎడమ గోడ వైపు చేరి అక్కడి సీళ్లను ముంచుతుంది. సైడ్ స్టాండ్ మీదే కారి, మెయిన్ స్టాండ్ మీద ఆగిపోతే ఎడమ వైపున్న గేర్ రాడ్ సీలు, ఫ్రంట్ స్ప్రాకెట్ సీలు ముందు అనుమానించాలి. రెండు స్టాండ్ల మీదా ఒకేలా కారితే డ్రెయిన్ ప్లగ్గు వాషర్, కింది కేసు జాయింటు చూడాలి. మీరు రాసినదాన్నిబట్టి, సైడ్ స్టాండ్ మీద రూపాయి బిళ్లంత మరక అంటే మా అనుమానం ముందు స్ప్రాకెట్ సీలు మీదే. మీ మెకానిక్ మార్చినవాటిలో అది లేదు.

స్ప్రాకెట్ విప్పి దాని వెనక చూడండి. సీలు పెదవి, అంటే దాని లోపలి రబ్బరు అంచు, షాఫ్ట్ మీదగానీ, షాఫ్ట్‌కి తొడిగిన చిన్న కాలర్ మీదగానీ తిరుగుతుంటుంది. ఆ కాలర్ మీద గోరు పెట్టి అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడింది. ఆ గాడి మీద ఎంత మంచి సీలు వేసినా రెండు వారాలే. కాలర్ విడిగా దొరికే భాగమైతే మార్చండి, లేదంటే కొత్త సీలును ఒక మిల్లీమీటరు లోపలికో బయటికో కూర్చోబెడితే పెదవి గాడి పక్కన కొత్త చోట తిరుగుతుంది. లోపల చోటుండి, బేరింగుకి తగలకుండా ఉంటేనే ఇలా చేయాలి. చైన్ అతిగా బిగిస్తే ఈ సీలూ దాని వెనక బేరింగూ త్వరగా పాడవుతాయి. చైన్ మధ్యలో పైకీ కిందికీ 25 మిల్లీమీటర్ల దాకా ఊగాలి.

అక్కడే ఇంకో సంగతి గమనించండి. ఎప్పుడైనా చైన్ తెగి ఉంటే, అది స్ప్రాకెట్ వెనక కేసుని కొట్టి సన్నటి పగులు పెట్టి ఉండొచ్చు. వెంట్రుకంత పగులు జిడ్డు కింద కనబడదు. కడిగి పౌడర్ చల్లినప్పుడే గీతలా తడుస్తుంది. దానికి సీలు మందు కాదు, అల్యూమినియం వెల్డింగ్ చేయించాలి.

కిక్ సీలు కొత్తది వేసినా కారుతోందా అన్నది కూడా పౌడర్ చెబుతుంది. కిక్ షాఫ్ట్ పళ్లకి టేపు చుట్టకుండా సీలు తోస్తే ఆ పళ్లు పెదవిని కోస్తాయి. సీలు కొత్తదే, కానీ వేసిన నిమిషంలోనే చచ్చిపోయింది.

ఇక ఎంత అన్న లెక్క. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ., అంటే మిల్లీలీటరుకి ఇరవై చుక్కలు. రాత్రికి పది చుక్కలు పడితే అర మిల్లీలీటరు, నెలకి 15 మి.లీ. మీ గేర్‌బాక్స్‌లో పట్టేది 650 మి.లీ. దగ్గర. పాత ఆయిల్ వేడిగా ఉండగా కొలగిన్నెలోకి దించి కొలవండి, కొత్తది కొలిచి పోయండి, నెల తర్వాత మళ్లీ దించి కొలవండి. నేల మీద పోయినదానికీ లోపల తగ్గినదానికీ లెక్క సరిపోతే మీది బయటి లీకే, తొందరేం లేదు. నేల మీద 15 పోయి లోపల 100 తగ్గితే మిగతా 85 ఎటు పోయిందో కింది ప్రశ్నకి జవాబులో చూడండి. 700, 750 దిగితే ఎవరో ఎక్కువ పోశారు, లేదా టూటీ ఆయిల్ గేర్‌బాక్స్‌లోకి దిగుతోంది. ఎక్కువ పోసినా, గేర్‌బాక్స్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) మట్టితో పూడుకుపోయినా, వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ బలహీనమైన సీలులోంచి బయటికి వస్తుంది. సీలు కొనేముందు బ్రీదర్ రంధ్రంలోకి గాలి ఊది చూడండి.

ప్రశ్న (వరంగల్ నుంచి): నా ఆర్‌ఎక్స్ 100 కింద ఒక్క చుక్క కూడా పడదు. కానీ రెండు నెలలకోసారి గేర్ ఆయిల్ 200 మి.లీ. దాకా తగ్గుతోంది. సైలెన్సర్ నుంచి పొగ ఎక్కువ. టూటీ ఆయిల్ పంపు తగ్గించమని ఒకరు, బోరు చేయించమని (సిలిండర్ లోపలి గోడ కోయించి కొత్త పిస్టన్ వేయించమని) ఇంకొకరు అంటున్నారు.

జవాబు: రెండూ చేయకండి, ముఖ్యంగా పంపు తగ్గించకండి. మీ గేర్ ఆయిల్ ఇంజన్‌లోకి పోయి కాలిపోతోంది.

టూస్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ కేసు, అంటే పిస్టన్ కింద క్రాంక్ షాఫ్ట్ తిరిగే గది, ఊరికే ఒక పెట్టె కాదు, అదొక పంపు. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు అది కార్బొరేటర్ నుంచి గాలీ పెట్రోలూ లాగుతుంది, దిగినప్పుడు వాటిని సిలిండర్‌లోకి నెడుతుంది. ఈ పంపుకి రెండు పక్కలా క్రాంక్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట రెండు సీళ్లుంటాయి. కుడి వైపు సీలుకి అవతల క్లచ్చూ గేర్ ఆయిలూ ఉంటాయి. అది గట్టిపడి పగిలితే పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ కొంచెం గేర్ ఆయిల్ లోపలికి లాక్కుంటుంది. గేర్ ఆయిల్ టూటీ ఆయిల్‌లా శుభ్రంగా కాలదు, అందుకే చిక్కటి తెల్లటి పొగ, ఘాటైన మాడు వాసన, స్పార్క్ ప్లగ్గు మీద తడి నలుపు. పంపు తగ్గిస్తే ఈ పొగ తగ్గదు, పైగా పిస్టన్‌కి అందాల్సిన టూటీ ఆయిల్ తగ్గి అది పట్టేస్తుంది.

ఎడమ వైపు, అంటే మాగ్నెట్ వైపు సీలు పోతే ఆయిల్ తగ్గదు, పొగ రాదు, చుక్క పడదు. అందుకే అది ఇంకా ప్రమాదం. అక్కడి నుంచి ఉత్త గాలి లోపలికి పోయి మిశ్రమం పల్చబడుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా రేసు వెంటనే దిగదు, ఐడిల్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంది, ఎత్తు ఎక్కుతుంటే టిక్ టిక్ మంటుంది, హైవే మీద అరగంట నిలకడగా పోతే పిస్టన్ కాలి బోరుకి అతుక్కుంటుంది. మాగ్నెట్ కవర్ విప్పి చూసినప్పుడు వెనకాల పల్చటి ఆయిల్ తడి ఉంటే సీలు పోయినట్టే.

ఏ సీలు పోయిందో ఊహించాల్సిన అవసరం లేదు, గాలి పట్టించి చూడొచ్చు. దీనికి షాపులో దొరికే ముల్లు బీపీ మీటరు సరిపోతుంది. చేతికి చుట్టే పట్టీ తీసేసి, గాలి ఊదే రబ్బరు బుడ్డీ, ముల్లు ఉన్న డయలూ ఉంచుకోండి. పాత స్పార్క్ ప్లగ్గులో తెల్లటి పింగాణీ కొట్టేసి, ఆ ఖాళీలో ఒక సన్నటి గొట్టం బ్రేజింగ్ చేయించండి. దాన్ని ప్లగ్గు బొక్కలో బిగించి, బీపీ మీటరు పైపు తగిలించండి. కార్బొరేటర్ తీసి, మానిఫోల్డ్ (కార్బొరేటర్‌ని ఇంజన్‌కి కలిపే గొట్టం) మూతికి సైకిల్ ట్యూబు ముక్కా దానిమీద రేకు ముక్కా పెట్టి బిగించండి. ఆటోల్యూబ్ సన్న పైపు చేరే రంధ్రాన్నీ మూసేయండి. సైలెన్సర్ తీసి ఆ బొక్కలో రబ్బరు బిరడా గట్టిగా దిగేయండి. పిస్టన్‌ని అట్టడుగుకి తెచ్చి పెడితే సిలిండరూ క్రాంక్ కేసూ ఒకే గదిగా ఉంటాయి.

ఇంజన్ చల్లగా ఉండగా మెల్లగా గాలి ఊది ముల్లును 250 దగ్గర ఆపండి. డయల్ చివర ఉండే 300 అంటే సుమారు 5.8 పి.ఎస్.ఐ., అది దాటకూడదు. టైరు పంపుతోనో కంప్రెసర్‌తోనో గాలి కొడితే బాగున్న సీళ్లు కూడా వాటి గూట్లోంచి లేచిపోతాయి. మంచి ఇంజన్‌లో ఐదు నిమిషాలైనా ముల్లు దాదాపు కదలదు. నిమిషానికి 50 కన్నా ఎక్కువ పడిపోతుంటే దారి ఉన్నట్టే. ముందు మీరు పెట్టిన మూతలకే సబ్బు నీళ్లు రాసి చూడండి, మొదటిసారి కారేది సాధారణంగా అవే. అవి గట్టిగా ఉంటే సిలిండర్ అడుగు ప్యాకింగు, హెడ్డు జాయింటు, మానిఫోల్డ్ అంచు, కేసు రెండు ముక్కలూ కలిసే గీత, మాగ్నెట్ వెనక సీలు వరసగా బ్రష్‌తో సబ్బు నురగ రాస్తూ రండి. క్లచ్ వైపు సీలు కంటికి కనబడదు. దానికి గేర్ ఆయిల్ పోసే మూత తీసి, బ్రీదర్‌ని వేలితో మూసి, ఆ మూతి మీద సబ్బు నురగ పొరలా పరవండి. ఆ పొర ఉబ్బిందంటే క్రాంక్ కేసు గాలి గేర్‌బాక్స్‌లోకి వస్తోంది. ఇక అనుమానం లేదు.

ఒక చిక్కుంది. సీలు పెదవి లోపలి వైపుకి తిరిగి ఉంటుంది కాబట్టి లోపలి ఒత్తిడి దాన్ని షాఫ్ట్‌కి ఇంకా గట్టిగా అదుముతుంది. నడిచే ఇంజన్‌లో పీల్చుడు కూడా ఉంటుంది, అప్పుడు అదే పెదవి లేస్తుంది. అందువల్ల ఊదినప్పుడు పాసయిన సీలు పీల్చినప్పుడు ఫెయిలవ్వొచ్చు. వ్యాక్యూమ్ చేతి పంపు ఉన్న వర్క్‌షాపు దొరికితే రెండో పరీక్ష కూడా అడిగి చేయించండి.

మీ విషయంలో ఈ పరీక్ష తర్వాత కుడి సీలే అని తేలితే, రెండు పక్కలా సీళ్లు కలిపే మార్చండి. భారత్‌లో ఆర్‌ఎక్స్ 100 తయారీ 1985 నుంచి 1996 దాకానే సాగింది. ఎంత కొత్త బండైనా దాని ఒరిజినల్ రబ్బరుకి ముప్పై ఏళ్లు వచ్చాయి. మాగ్నెట్ ఊడదీయడానికి పుల్లర్ వాడాలి. సుత్తితో కొడితే క్రాంక్ వంగుతుంది, ఆ తర్వాత ఏ సీలూ నిలవదు.

ప్రశ్న (బెంగళూరులో ఉంటున్న అనంతపురం పాఠకుడు): మా నాన్నగారి యెజ్డీ 250 తిరిగి నడిపిస్తున్నాను. గేర్‌బాక్స్ పైన, కార్బొరేటర్ కింద ఎప్పుడూ ఆయిల్ జిడ్డు. వెనక చక్రం దగ్గర చైన్ కేసు నుంచి కూడా చుక్కలు. గేర్‌బాక్స్ కేసు పైన పగిలిందేమోనని భయంగా ఉంది.

జవాబు: మైసూరులో 1961లో తయారీ మొదలుపెట్టిన ఐడియల్ జావా కంపెనీ చేసిన యెజ్డీల్లో చాలావాటికి ఆటోల్యూబ్ పంపు లేదు, వాటికి టూటీ ఆయిల్‌ని పెట్రోల్ ట్యాంకులోనే కలపాలి. మీ మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. మీకు కారుతోంది పెట్రోలు.

ట్యాప్ దగ్గరో, పైపు చివరో, కార్బొరేటర్ అడుగు ప్యాకింగు దగ్గరో సన్నగా చెమర్చిన పెట్రోలు వేడి ఇంజన్ మీద పడి ఆవిరైపోతుంది. అందులో కలిపిన ఆయిల్ మాత్రం మిగులుతుంది. లీటరుకి 40 మి.లీ. కలిపే బండిలో 100 మి.లీ. పెట్రోలు ఇలా పోతే 4 మి.లీ. ఆయిల్, అంటే 80 చుక్కల జిడ్డు, ఇంజన్ మీద ఉంటుంది. చూసేవాళ్లకి అది అచ్చం ఆయిల్ లీకులాగే కనిపిస్తుంది. రాత్రి ట్యాప్ మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, కార్బొరేటర్ కింద టిష్యూ కాగితం పెట్టి చూడండి. మూసినా తడిస్తే ట్యాప్ లోపలి వాషరు పోయింది. తెరిచినప్పుడే తడిస్తే కార్బొరేటర్‌లో ఫ్లోట్ సూది సరిగా మూయడం లేదు. ఇది జిడ్డు సమస్య మాత్రమే కాదు, వేడి ఇంజన్ మీద పెట్రోలు పడటం, కాబట్టి మిగతా అన్నిటికన్నా ముందు దీన్ని సరిచేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత కార్కు, మామూలు రబ్బరు వాషర్లు తట్టుకోవు, ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ఇథనాల్‌కి తట్టుకునే రకం అడిగి తీసుకోండి.

చైన్ కేసు సంగతి వేరు. మీ బండిలో చైన్ మొత్తం మూసిన కేసులో, రబ్బరు గొట్టాల మధ్య తిరుగుతుంది. ఫ్రంట్ స్ప్రాకెట్ సీలు దగ్గర కారిన గేర్ ఆయిల్ ఇంజన్ దగ్గర బయటపడదు, ఆ గొట్టాల వెంట వెనక్కి వచ్చి చక్రం దగ్గర చుక్కగా పడుతుంది. వెనక చూస్తే హబ్ గ్రీజు అనుకుంటాం. రబ్బరు గొట్టం ముందు చివర లాగి లోపల వేలు పెట్టండి. పల్చగా ఉంటే సీలు, ముద్దగా ఉంటే చైన్ గ్రీజు.

ఇంకొకటి: మీ బండిలో కిక్కూ గేరూ ఒకటే లివర్. ఆ లివర్ వెనక చెమర్చడం ఈ బండ్లలో మామూలే, వారానికి రెండు చుక్కలైతే పట్టించుకోనక్కర్లేదు. అయితే రెండు మూడు నెలలు నిలబెట్టి తీసినప్పుడు మొదటి పావుగంట పొగ కమ్మేస్తే, క్రాంక్ సీలు మీదుగా గేర్ ఆయిల్ కేసులోకి జారి నిలిచిందని అర్థం. అప్పుడు పైన వరంగల్ పాఠకుడికి చెప్పిన గాలి పరీక్ష మీకూ కావాలి. మూయాల్సిన సైలెన్సర్ బొక్కలు మీకు రెండుంటాయి.

ప్రశ్న (కాకినాడ నుంచి): ఆరు నెలలు ఊళ్లో లేను. వచ్చి చూస్తే ఆర్‌ఎక్స్‌లో టూటీ ట్యాంకు సగానికి పడిపోయింది, నేల మీద మరక లేదు. స్టార్ట్ చేస్తే వీధంతా పొగ.

జవాబు: ఆయిల్ ట్యాంకు పంపుకన్నా ఎత్తులో ఉంటుంది. ఇంజన్ ఆగాక ఆయిల్ తనంతట తాను కిందికి దిగకుండా ఆపేది పంపు తర్వాత ఉన్న చెక్ వాల్వు, అందులో ఒక చిన్న గుండూ ఒక సన్నటి స్ప్రింగూ. గుండు కింద చెత్త చేరినా, స్ప్రింగు అలసిపోయినా రోజుల తరబడి ఆయిల్ చుక్కచుక్కగా క్రాంక్ కేసులో చేరుతుంది. పంపు నుంచి మానిఫోల్డ్‌కి వచ్చే సన్నటి పైపు ఇంజన్ వైపు చివర ఊడదీసి, తెల్ల కాగితం మీద వేలాడదీసి ఒక రాత్రి ఉంచండి. కాగితం పొడిగా ఉండాలి. తడిస్తే వాల్వు కడిగి చూడండి, అప్పటికీ ఆగకపోతే మార్చండి. పంపు షాఫ్ట్ సీలు కూడా పోయి ఉంటే టూటీ ఆయిల్ గేర్‌బాక్స్‌లోకి దిగుతుంది, అందుకే గేర్ ఆయిల్ దించి కొలవండి.

ఇలా నిండిన ఇంజన్‌ని బలంగా కిక్ కొట్టకండి. ఆయిల్ గాలిలా నలగదు, పిస్టన్ పైన ఎక్కువ చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు తీసి, ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గు బొక్కకి గుడ్డ అడ్డం పెట్టి, నెమ్మదిగా పది పదిహేనుసార్లు కిక్ తిప్పి ఆయిల్ బయటికి తీసేయండి. వాల్వు బిగించాక పంపు మీదున్న గాలి తీసే స్క్రూ వదిలి, బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనిచ్చి బిగించండి. పైపులో ఇంకా గాలి మిగిలి ఉండొచ్చు కాబట్టి మొదటి లీటరు పెట్రోలులో 25 మి.లీ. టూటీ కలిపి నడపండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఎంతోమంది పిస్టన్ పోగొట్టుకున్నారు.

ప్రశ్న (కర్నూలు నుంచి): సైలెన్సర్ బెండు ఇంజన్‌కి కలిసే చోట నల్లగా, తారులా కారుతోంది. ఇదీ సీలేనా?

జవాబు: కాదు. కాలకుండా మిగిలిన టూటీ ఆయిల్ మసితో కలిసి, జాయింటు ప్యాకింగు సరిగా కూర్చోని చోట బయటికి వస్తోంది. బెండు వదులు చేసి పాత ప్యాకింగు పూర్తిగా గీకి కొత్తది వేసి, ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించండి. ఎప్పుడూ రెండు కిలోమీటర్లలోపే తిరిగే బండిలో సైలెన్సర్ వేడెక్కక ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. వారానికోసారి ఇరవై కిలోమీటర్లు ఒక్క బిగువున నడపండి. ఆ తర్వాత కూడా అంతే కారుతుంటే ఆయిల్ ఎక్కువ పోతోంది, పంపు కేబుల్ గుర్తులు కలిశాయో లేదో చూడాలి.

ప్రశ్న (ఖమ్మం నుంచి, ద్విచక్ర వాహన మెకానిక్): సీళ్లు నేనే వేస్తాను. నెల తిరక్కుండా కొన్ని బండ్లు వెనక్కి వస్తున్నాయి. నకిలీ సీళ్లేనా?

జవాబు: నకిలీవి ఉన్నాయి, కానీ తిరిగొచ్చే బండ్లలో ఎక్కువ భాగం వేరే కారణాలవి. క్రాంక్ సీలు వేసేముందు మాగ్నెట్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. చేతికి కొంచెం తెలిసేంత ఆట ఉన్నా మెయిన్ బేరింగు పోయింది, షాఫ్ట్ ఊగుతుంటే పెదవి ఒక పక్క అరుగుతుంది. బేరింగు మార్చకుండా సీలు అమ్మొద్దు. అది కస్టమర్‌కి ముందే చెబితే మీ పేరు నిలుస్తుంది.

పాత సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మందం తేడా ఉన్నది వేస్తే బేరింగుకి ఆయిల్ వెళ్లే రంధ్రం మూసుకుపోవచ్చు. తీసేముందు స్ప్రింగు ఏ వైపుందో, ఎంత లోతులో కూర్చుందో ఫొటో తీసుకోండి. క్రాంక్ సీళ్లకి నల్లటి మామూలు నైట్రైల్ రబ్బరు బదులు, దొరికినచోట వైటన్ రకం తీసుకోండి. ధర ఎక్కువే, కానీ వేడికీ ఇథనాల్ పెట్రోలుకీ అది నిలుస్తుంది. పెదవికి టూటీ ఆయిల్ రాసి, షాఫ్ట్ మీద తాళం గాడికీ పళ్లకీ పల్చటి టేపు చుట్టి, బయటి అంచుకి సరిపోయే సాకెట్‌తో నలుమూలలా సమంగా దించండి. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పక్కా తట్టితే రేకు వంగుతుంది. కొన్ని ఇంజన్లలో సీలు అంచు కేసు గాడిలో ఇరుక్కుని ఉంటుంది. అది బయటినుంచి రాదు, కేసు విప్పాలి. లాగి తీసి అంచు కోసిన సీలు తోస్తే మొదటి హైవే ప్రయాణంలోనే లేచిపోతుంది.

కవర్ల సంగతి. పాత ప్యాకింగుని బ్లేడుతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడి వాటివెంటే ఆయిల్ వస్తుంది. థిన్నర్‌తో నానబెట్టి ప్లాస్టిక్ ముక్కతో తీయండి. అద్దం మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి కవర్ అంచును మెల్లగా ఎనిమిది ఆకారంలో రుద్దితే ఎక్కడ వంపుందో మెరుపు చూపిస్తుంది. చోటు చూపించే రెండు చిన్న పిన్నులు పడిపోయి ఉంటే ప్యాకింగు పక్కకి జరుగుతుంది. సిలికాన్ గమ్ము పూస్తే పల్చగా, ఒక్క ముఖానికే. పక్కకి పొంగి లోపల పడిన గమ్ము ముక్క ఆయిల్ దారిని మూస్తుంది. సిలిండర్ అడుగు ప్యాకింగు విషయంలో మందం మార్చొద్దు, అది పోర్టుల ఎత్తునే మారుస్తుంది.

ప్రశ్న (నెల్లూరు నుంచి): గేర్ ఆయిల్‌లో పోసే లీకు ఆపే మందు పోయొచ్చా? డ్రెయిన్ ప్లగ్గు దగ్గర కొద్దిగా చెమరుస్తోంది.

జవాబు: పోయొద్దు. మీ బండి క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, అవి జారడం మొదలవుతుంది. డ్రెయిన్ ప్లగ్గుకి కావాల్సింది కొత్త వాషరు మాత్రమే. రాగి వాషరైతే పాతదాన్నే స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది వేయండి. అల్యూమినియం వాషరైతే పారేసి కొత్తది కొనండి. ప్లగ్గును వేళ్లతో చివరిదాకా తిప్పి, వాషరు తగిలాక స్పానర్‌తో పావు చుట్టు చాలు. చెమరుస్తోందని ఇంకా ఇంకా బిగిస్తే కేసులోని మరలు లేచిపోతాయి. ఇప్పటికే లేచి ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టి దాటవేయకుండా, లేత్ పనివాడి దగ్గర హెలికాయిల్ (కొత్త మరల కోసం రంధ్రంలో వేసే తీగ చుట్ట) వేయించండి.